నక్షత్రాల సెంటు

తనలాగే పాత నాణేలు పోగుచేసే వెండెల్ రౌచ్‌కి నక్షత్రాల సెంటు దొరికిందని విన్న రోజు ఎమొరీ గేమన్‌కి ముద్ద దిగలేదు.

అది 1794లో అమెరికాలో అచ్చు కొట్టిన రాగి సెంటు నాణెం, డాలరులో నూరో వంతు. ముఖం వైపు ఆ ఏటి సెంట్ల లాగే ఉంటుంది. వెనక్కి తిప్పితే అంచున పళ్లలా ఉన్న గాట్ల మధ్య చుట్టూ ఆవగింజంత నక్షత్రాలు. వాటిని ఎందుకు పెట్టారో ఎవరికీ తెలియదు. పాత రాగి పిచ్చి పట్టినవాడు దానికోసం జీవితమంతా వెతుకుతాడు. ఎమొరీ అలాగే వెతికాడు. భార్య వెర్నా ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో ఉన్నప్పుడు కూడా వేలంపాటలకి పోయి వెతికాడు.

వెండెల్‌కి దొరికిన చోటు ఎమొరీకి తెలుసు. ఆగస్టులో చనిపోయిన ఒక రైతు సామాను వేలం వేశారు. ఒక రేకు డబ్బాలో బొత్తాలు, తాళంచెవులు, నాలుగు పాత రాగి సెంట్లు ఉన్నాయి. ముందు చూసింది ఎమొరీయే. నాణెం మీది ఆడబొమ్మ జుట్టు పాయలు చూసి ఏ అచ్చో చెప్పగలడని బెర్క్స్ కౌంటీ అంతా అతనికి పేరు. నాణేన్ని వెనక్కి తిప్పి చూడటం కొత్తవాళ్ల పని అని అందరినీ ఎగతాళి చేసేవాడు. ఆ నాణెం ముఖం బాగా అరిగిపోయి ఉంది. తిప్పలేదు. డబ్బాలో పడేసి పోయాడు. వెనకాలే వచ్చిన వెండెల్ తిప్పాడు.

నాణేల సంఘం శనివారం మధ్యాహ్నం ఫైరింజన్ల షెడ్డు పక్క హాలులో కూడింది. వెండెల్ భార్య లియోనాతో వచ్చాడు. ఆమె చేతిలో బెల్లప్పాకం పోసి కాల్చిన షూఫ్లై పై. ఎమొరీ ముందున్న పళ్లెంలో ఒక ముక్క పెట్టింది.

"తిను ఎమొరీ. ఎండిపోయిన చేపలా అయిపోయావు."

"ఆకలి లేదు."

"ఆకలి లేకా, మావాడి సెంటు చూసి కడుపు నిండిపోయిందా?"

అందరూ నవ్వారు. ఎమొరీ నవ్వలేదు.

వెండెల్ నాణేన్ని బల్ల చుట్టూ పంపాడు. కింద మెత్తటి గుడ్డ పరిచారు. నాణెం ఒక చేతినుంచి ఇంకో చేతికి పోయేటప్పుడు పుచ్చుకునేవాడు "పట్టుకున్నా" అనాలి. అంతవరకూ ఇచ్చేవాడు వేళ్లు వదలడు. పట్టుకున్నా, పట్టుకున్నా అంటూ అది చివరికి ఎమొరీ దగ్గరకి వచ్చింది. ఏది అసలో ఏది నకిలీయో ఆఖరి మాట అతనిదే. సంఘంలో అందరూ ఒప్పుకున్న సంగతి అది.

"పట్టుకున్నా," అన్నాడు ఎమొరీ.

దీపం కింద ఏటవాలుగా పట్టి భూతద్దం పెట్టాడు. నక్షత్రాలు ఒక్కొక్కటే పైకి లేచాయి. ఒక పక్క అరిగాయి, ఇంకో పక్క పదునుగా ఉన్నాయి. అసలుదే. ఈ నాణెం తన చేతిలో ఒకసారి ఉంది. తనే విసిరేశాడు.

"చెప్పరా," అన్నాడు వెండెల్. "నీ నోటితో వింటే గానీ నాకు నిద్ర పట్టదు."

"దొంగది," అన్నాడు ఎమొరీ.

సంఘం పెద్ద హార్లన్ డెపెన్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "సరిగ్గా చూశావా?"

"ఇదిగో, ఇక్కడ గీత. నాణెం మామూలుదే. ఎవడో సూదితో రాగి చెక్కి నక్షత్రాలు తేల్చాడు." అది ఏనాడో నాగలి తగిలిన గీత. అక్కడున్న ఎవడికీ అతని మాట కాదనే ధైర్యం లేదు.

వెండెల్ ముఖం పాలిపోయింది. ఎమొరీ దానికోసమే ఎదురుచూశాడు. కారం తిన్న నోట్లో బెల్లం వేసుకున్నట్టయింది.

"నాకివ్వు," అన్నాడు తాపీగా. "నకిలీలు ఎలా చేస్తారో కొత్తవాళ్లకి చూపించడానికి ఉంచుతా."

వెండెల్ తల అడ్డంగా ఊపాడు. "ఒద్దురా. పద్ధతి పద్ధతే. దొంగ నాణెం గడప దాటకూడదు. ఇంకొకడు మోసపోకుండా ఇక్కడే గాటు పెట్టాలి. ఆ రూలు పెట్టించిందే నువ్వు!"

ఇది ఎమొరీ అనుకున్నది కాదు.

వెండెల్ షెడ్డులోంచి దాగలి, సుత్తి, ఉలి తెప్పించాడు. లియోనా ఎమొరీ పక్కకి వచ్చి నిలబడింది. ఈసారి ఆమె గొంతులో ఎకసెక్కెం లేదు.

"ఇంకొక్కసారి చూడు ఎమొరీ. పాపం, వారం నుంచి చంటిపిల్లాడిలా తిరుగుతున్నాడు. నువ్వంటే వాడికి ఎంత నమ్మకమో నీకు తెలీదు."

ఎమొరీ మళ్లీ భూతద్దం పెట్టాడు. నక్షత్రాలు ఉన్నచోటే ఉన్నాయి. పొరపాటు పడ్డానంటే చాలు, నాణెం బతుకుతుంది. కానీ బతికేది వెండెల్ జేబులో. ఈ ఆడది దాన్ని చూసి వాణ్ణి మురిపెంగా చూస్తుంది. తన ఇంట్లో తన నాణేలు చూసేవాళ్లు లేరు.

"చూశా," అన్నాడు. "దొంగదే."

వెండెల్ నాణేన్ని దాగలి మీద పెట్టాడు. ఉలి ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. నాణెం వంగింది. గోధుమరంగు చర్మం చీలి లోపల ఎర్రటి రాగి బయటపడింది.

వెండెల్ కాసేపు కళ్లు ఆర్పకుండా చూశాడు. లియోనా వచ్చి అతని వీపు మీద చెయ్యి వేసింది.

"పోనీలే. నీ దగ్గర అసలు సరుకు నేనున్నాగా."

"నిన్ను ఎమొరీకి చూపించి ముద్ర వేయించుకోలేదే! ఎక్కడైనా సూదితో తేల్చారేమో?"

ముందు ఆమె నవ్వింది. తర్వాత హార్లన్, తర్వాత అందరూ. వెండెల్ కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. వంగిన నాణేన్ని ఎమొరీ ముందు పెట్టాడు.

"ఇందరా. చూపించడానికి కావాలన్నావుగా. థాంక్స్. నువ్వు లేకపోతే ఊరంతా చెప్పుకుని నవ్వులపాలయ్యేవాణ్ణి."

షూఫ్లై పై ఇంకో ముక్క అడిగి, నిలబడే తిన్నాడు. లియోనా అతని గడ్డం మీది పొడి దులిపింది. ఇద్దరూ కోట్లు తొడుక్కుని, ఇంకా ఏదో వాదించుకుంటూ కారు దగ్గరకి నడిచారు.

ఎమొరీ కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. అంత పోగొట్టుకున్నవాడు అలా నవ్వుతూ పోవడం అతనికి అర్థం కాలేదు. నాణెం ఉన్నప్పటికంటే ఇప్పుడే వెండెల్‌ని చూస్తే ఒళ్లు మండింది.