గేటు బయట

మాస్టారు ముప్పై ఏళ్లుగా పిల్లల వ్యాసాలు దిద్దుతున్నారు. ఉన్నదానికి ఒక్క మాట ఎక్కువ రాసినా ఎర్రసిరా పడాల్సిందే. కూతురు పోయిన రెండో వారంలో, ఆమె చదివిన విశ్వవిద్యాలయానికి అర్జీ రాసినప్పుడూ ఆ అలవాటు పోలేదు.

‘మా అమ్మాయి లైబ్రరీ నుంచి హాస్టలుకు వెళ్తూ, గేటు బయట, దీపాలు వెలగని రోడ్డు మీద లారీ గుద్ది మరణించినది. ఆ దీపాల బాధ్యత ఎవరిదో విచారణ జరిపించగలరు.’

“క్యాంపస్‌లో అని రాయండి. అందరూ అలాగే అంటారుగా,” అంది భార్య.

“అందరూ అంటే నిజమైపోతుందా?” అని కసిరారు.

నెల తిరిగాక విశ్వవిద్యాలయం ఆఫీసులో గుమాస్తా ఆ కాగితాన్నే ఆయన ముందుకు తోశాడు.

“విచారణ క్యాంపస్‌లో జరిగినవాటికే మాస్టారూ. గేటు బయట అని మీరే రాశారు కదా.”

“లైబ్రరీ ఇటు, హాస్టలు అటు. మధ్యలో రోడ్డు తొక్కకుండా పిల్లలు ఎగిరి వెళ్తారా?”

“నాకు తెలీదా సార్? కానీ గోడ దాటితే మాది కాదు.”

“మీరు అచ్చేసిన పుస్తకంలో పటం చూడండి, ఆ రోడ్డూ హాస్టలూ అన్నీ ఒకే పచ్చరంగు. పైన ‘మన క్యాంపస్’ అని.”

“అది పిల్లల్ని చేర్చుకోవడానికి వేసిందండీ,” అని పక్క బల్ల ఆవిడ నవ్వబోయి, ఆయన మొహం చూసి ఫైలులో తల దూర్చింది.

అమ్మాయి ఫోనులో అనేది: “క్యాంపస్‌లోనే ఉన్నా నాన్నా, భయమెందుకు?”

“మరి ఆ లారీల మోతేమిటే?”

“క్యాంపస్ రోడ్డేలే! నీకు అన్నీ కొలతలే.”

“ఆ ‘గేటు బయట’ అన్న రెండు మాటలూ కొట్టేసి మళ్లీ రాసిస్తాను,” అన్నారు మాస్టారు గుమాస్తాతో. అలా అడగడం ఆయనకు జన్మలో అదే మొదలు.

“ముద్ర పడ్డాక మార్చకూడదండీ. రాతకోతలు తెలిసినవారు, మీకు నేను చెప్పాలా?”

చేతులు కాలాక ఆకులు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చారు. ఇంటికెళ్లి భార్యకు ఏమని చెప్పాలో తెలియలేదు.

గేటు ఎదురుగా, అమ్మాయి పడిపోయినచోటికి పది అడుగుల దూరంలో, బస్సు ఆగింది. “క్యాంపస్! క్యాంపస్ దిగాలి!” అని కండక్టర్ అరుస్తున్నాడు. పిల్లలు బిలబిలా దిగారు.

గేటు పక్కన నిచ్చెనెక్కి పెయింటరు కొత్త బోర్డుకు రంగు వేస్తున్నాడు. ‘క్యాంపస్ పరిధి ఇంతవరకే.’ దాని మీదికి కొత్త దీపం కూడా బిగించారు. వెలుగు బోర్డు మీదే పడేలా వంచారు.

“చూస్తే మాస్టారిలా ఉన్నారు, కాస్త చూసిపెట్టండి సార్. తప్పు పడితే మళ్లీ నా చేతే చెరిపిస్తారు.”

మాస్టారు అక్షరం అక్షరం చదివారు.

“తప్పేమీ లేదు నాయనా,” అన్నారు.