శవాన్ని చూస్తారు, నీళ్ళను చూడరు

“బిరుంగిని మీరే చంపారు. ఇక్కడ అరటాకులు ముందేసుకుని అరటికాయ మటోకే ముద్దలు మింగుతున్న ప్రతి ఒక్కరూ చంపారు.”

నబ్బోసా ఈ మాట నిలబడి అంది. నాకిబంగా ఊళ్ళో ఆడది పెద్దల ముందు నోరు విప్పాలంటే ముందు మోకాళ్ళ మీద కూచోవాలి. చావింట్లో అయితే మరీను. ఆమె కూచోలేదు. మోకాళ్ళు వంచీ వంచీ విసుగెత్తిపోయింది. బోరింగులు బాగుచేసే మనిషి, ఇరవై ఏళ్ళుగా పైపుల ముందు వంచుతూనే ఉంది. పైపులన్నా నయం, చెప్పింది వింటాయి.

పెరట్లో అరటితోట చివర మట్టి ఇంకా తడిగానే ఉంది. నబ్బోసా చెల్లెలు తేవో కూతురు బిరుంగిని బెరడుబట్టలో చుట్టి అక్కడ పాతిపెట్టి గంట కూడా కాలేదు. నాలుగేళ్ళ పిల్ల.

“కూచోవే! చావింట్లో ఇదేం గోల? తిక్క పట్టిందా?” అని అత్త నముగ్గా చెయ్యి పట్టి లాగింది.

“ఎప్పుడో పట్టాల్సింది అత్తా. ఇవాళ పట్టింది.”

అసలు నబ్బోసాకి ఒళ్ళు మండింది సాలోంగో మాటకి. కవలలకి తండ్రి కాబట్టి అతన్ని ఊరంతా సాలోంగో అనే పిలుస్తుంది, సొంత పేరు ఎవరికీ గుర్తు లేదు. కొట్ల దగ్గర పొడుగాటి గుంజకు రెండు మైకు కొమ్ములు కట్టి, పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ ఊరికి వార్తలు చెప్పేది అతనే. ఇందాక అతను లేచి, గొంతు సవరించుకుని, మైకులో చెప్పినట్టే చెప్పాడు: “పిల్ల ఒంట్లో ఆ బోరింగు విషం మిగిలిపోయింది. ఇంకో పిల్ల పోకముందే రేపు చర్చిలో పూజ అయ్యాక అందరం కలిసి బోరింగులో రాళ్ళు పోసి పూడ్చేద్దాం. రాళ్ళు కుప్ప పోయించాను.”

తలలన్నీ ఊగాయి. సరే అన్నాయి. రేపటితో బోరింగు పోతుంది. ఒకసారి గొట్టంలో రాళ్ళు పడ్డాయంటే మళ్ళీ తీయడం ఎవరి తరమూ కాదని ఆ జనంలో నబ్బోసాకి ఒక్కదానికే తెలుసు.

ఈ పాపం మొదలై మూడు వారాలైంది.

ఊళ్ళో రేడియోలున్నాయి, ఫోన్లున్నాయి. అయినా సాలోంగో నోట పడితేనే అది వార్త. ఎందుకంటే అతను చెప్పిన చావు ఒక్కటి కూడా తప్పు కాలేదు. ఫలానా ముసలాయన పోయాడంటే పోయినట్టే. పన్నెండేళ్ళుగా అంతే. ఆ పన్నెండేళ్ళ పరపతి ఉన్న మైకు దగ్గర ఒకరోజు పొద్దున అతను తన ఫోను పెట్టాడు. అందులో ఎవరో ఆడమనిషి ఏడుస్తూ చెప్పింది. ఏదో ఊళ్ళో బోరింగు నీళ్ళు రక్తంలా ఎర్రగా వచ్చాయట. తాగిన ఆడవాళ్ళకి కడుపులు పోయాయట. ఎవరో కావాలనే మందు కలిపారట.

మర్నాడు బోరింగు దగ్గర మొదటి డబ్బా ఎర్రగా వచ్చింది. కెవ్వుమన్నారు. ఏడాదిగా పొద్దుటి మొదటి డబ్బా ఎర్రగానే వస్తోంది! టీ నల్లబడుతోందని తిట్టుకున్నారు, బడి చొక్కాలకి మరకలు పడుతున్నాయని తిట్టుకున్నారు, మొదటి రెండు డబ్బాలు పారబోసి మూడోది ఇంటికి పట్టుకుపోయారు. కళ్ళతో ఏడాది చూసింది చెవుల్లో ఒక్కసారి పడేసరికి రక్తమైపోయింది. మధ్యాహ్నానికి బోరింగు చేతికి గొలుసు, గొలుసుకి తాళం. సాయంత్రానికి ఊరు ఊరంతా జమ్ము మడుగుకి. అక్కడ ఆవులు నీళ్ళు తాగుతాయి, అక్కడే పేడ వేస్తాయి.

నబ్బోసా చెప్పింది. “అది తుప్పురా బాబూ. ఇనప పైపులు ఎనిమిదేళ్ళుగా నీళ్ళలో నానుతున్నాయి. రాత్రంతా తుప్పు దిగుతుంది, పొద్దున కొడితే పైకొస్తుంది. గంటసేపు కొట్టి చూడండి.”

“నీ పని పోతుందని నీ బాధ!” అన్నారు. “పానా పట్టిన ఆడదాని మాట, గడ్డం పెంచిన మేక మాట ఒకటే,” అని నవ్వారు. సొంత చెల్లెలు తేవో కూడా, “ఊరంతా అంటున్నది అబద్ధమా అక్కా?” అంది.

రెండుసార్లు చెప్పి నబ్బోసా నోరు మూసుకుంది. చావండి నాకేం అనుకుంది. ఆమె ఇంటి చూరు కింద వాన నీళ్ళ పీపా ఉంది. మూడు వారాలూ ఆ నీళ్ళే తాగింది.

బిరుంగికి విరేచనాలు పట్టుకున్నాయి. ఐదు రోజులు. మడుగు నీళ్ళ వల్లేనని ఆసుపత్రిలో నర్సు మొహం మీదే చెప్పింది. ఆ మాట ఏ మైకులోనూ రాలేదు. పిల్ల పేరు వచ్చింది, తండ్రి పేరు వచ్చింది, పాతిపెట్టే వేళ వచ్చింది. అన్నీ సరిగ్గానే వచ్చాయి.

“సాలోంగో, ఒక మాట అడుగుతా,” అంది నబ్బోసా. “ఆ ఫోన్లో ఏడ్చిన ఆడమనిషి పేరేంటి?”

“నాకేం తెలుసు? మా బావమరిది పంపాడు.”

“అతనికి ఎవరు పంపారు?”

“వాళ్ళ ప్రార్థన గుంపులో వచ్చిందట.”

“ఏ ఊరు?”

“ఎక్కడో ఉత్తరాన. అయినా నన్ను నిలబెట్టి అడగడానికి నువ్వెవరివి? పోలీసువా?”

“పోయినేడు నా మేక తప్పిపోయిందని నీ దగ్గరికొచ్చా. గుర్తుందా? రంగేంటి అన్నావు. ఏ చెవికి గాటు అన్నావు. తాడు కొత్తదా పాతదా అన్నావు. ఆఖరిసారి ఎవరు చూశారు అన్నావు. ‘సాక్షి లేకుండా నా మైకులో మేక కూడా అరవదు’ అన్నావు. మేకకి చేసిన పాటి విచారణ మా పిల్ల తాగే నీళ్ళకి చెయ్యలేకపోయావా?”

ఎవరో కిసుక్కుమని, చావిల్లు గుర్తొచ్చి నోరు మూసుకున్నారు. సాలోంగో నేల చూశాడు.

“అతన్నొక్కడినే అనకే,” అంది అత్త. “పన్నెండేళ్ళలో ఒక్క అబద్ధం చెప్పలేదు.”

“ఎందుకు చెప్పలేదో తెలుసా అత్తా? చావు చెబితే మీరంతా వెళ్ళి శవాన్ని చూస్తారు. దుప్పటి తీసి మొహం చూస్తారు. అబద్ధమాడితే పళ్ళు రాలగొడతారని అతనికి తెలుసు. నీళ్ళ గురించి చెబితే ఎవరెళ్ళి చూశారు? ఒక్కరు? బోరింగు ఇక్కడికి నాలుగొందల అడుగులు!”

అప్పుడు లేచింది తేవో. మూడు రోజులుగా ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి ఉంది. చూరు కింది పసుపు రంగు నీళ్ళ డబ్బా అందుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా బోరింగు వైపు నడిచింది. తల్లి కదిలాక జనం ఆగుతారా? ఒకరి వెనక ఒకరు లేచారు.

నబ్బోసా దారిలో ఇంట్లోంచి తెచ్చుకున్న పానాతో తాళం పగలగొట్టి పక్కకి తప్పుకుంది. “నేను ముట్టుకోను. ముట్టుకుంటే నేనే ఏదో కలిపానంటారు. మీరే కొట్టండి.”

తేవో కొట్టింది. మూడు వారాలు కదలని బోరింగు. మొదటి డబ్బా ఇటుక రంగులో దిగింది. “రక్తం!” అని ఎవరో అరిచారు.

“వేలు పెట్టి చూడు. రక్తం గడ్డ కడుతుంది. ఇది ఇసకలా అడుగుకి దిగుతుంది,” అంది నబ్బోసా.

తేవో ఆగలేదు. చేతులు పడిపోతే ఆమె మొగుడు అందుకున్నాడు. తర్వాత ఇంకొకడు. పదో డబ్బా ఎరుపే. ఇరవయ్యోది పసుపు. జనం నస మానేసి డబ్బాలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నలభై దాటాక నీళ్ళు తేటపడ్డాయి. డబ్బా అడుగున ఉన్న గీత కూడా కనిపించింది. తేవో ఆ నీళ్ళలో చేతులు ముంచి, బావురుమంది. నబ్బోసా వెళ్ళి చెల్లెలి పక్కన మోకాళ్ళ మీద కూచుంది. “నేనూ చంపాను చెల్లీ. రెండుసార్లు చెప్పి ఊరుకున్నా. నీ చెయ్యి పట్టి లాక్కొచ్చి కొట్టించాల్సింది.”

“నబ్బోసా మాటే నిజం! ఇకనుంచి నువ్వు చెప్పిందే వింటాం,” అన్నాడు వెనకనుంచి ఒకడు. సాలోంగో కూడా తేరుకున్నాడు. “సాయంత్రం మైకులో చెప్తా. నీళ్ళు మంచివే, నబ్బోసా హామీ అని.”

ఆమె దిగ్గున లేచింది.

“నా పేరు ఎత్తావంటే ఆ కొమ్ములు పీకి మడుగులో పారేస్తా! నిన్న అతని నోరు, ఇవాళ నా నోరా? మీ కళ్ళు ఎక్కడ తాకట్టు పెట్టారు? ఎరుపు తుప్పని చూశారు, సరే. తేటగా ఉన్న నీళ్ళు మంచివని ఎవరు చెప్పారు? నాకు తెలీదు. పైపుల గురించి నాకు తెలుసు, నీళ్ళలో కంటికి కనబడని వాటి గురించి తెలీదు. రేపు రెండు సీసాలు పట్టండి. ఒకటి సర్కారు ఆసుపత్రికి తేవో తీసుకెళ్తుంది, ఒకటి మిషను ఆసుపత్రికి సాలోంగో తీసుకెళ్తాడు. ఇద్దరూ కాగితాలు తెచ్చి ఇక్కడే నిలబడి చదవాలి. రెండూ కలవకపోతే మూడో చోటికి పోదాం. అందాకా ప్రతి చుక్కా మరగబెట్టి తాగండి. పైపులు మార్చాలని ఊరంతా కలిసి సంతకాలు పెట్టండి. ఇంకనుంచి మైకులో ఏ మాటొచ్చినా ‘ఎవరు చూశారు?’ అని మైకు కిందే నిలబడి అడగండి. నా మాటకీ అంతే. నన్ను మరీ గట్టిగా అడగండి.”

బోరింగు పక్కన రాళ్ళ కుప్ప అలాగే ఉంది. నబ్బోసా పానాతో దాన్ని చూపించింది.

“అవన్నీ తర్వాత. ముందు ఆ రాళ్ళు తీసేయండి. రేపు కాదు, ఇప్పుడే. సాలోంగో, మొదటి రాయి నువ్వెత్తు.”