ముక్కు మళ్ళీ పోసిన పడవ

నేను ఒక ఫైబరు పడవను. నాలో చెట్టు లేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తరవాత ఎవరూ దెప్పిపొడవకుండా. శ్రీకాకుళం తీరాన మా పేటలోని కర్ర పడవలకు తమ చెక్క గురించి ఎంత గొప్పో నాకు తెలుసు. ఉండనివ్వండి. వాటిని పురుగు తింటుంది. నన్ను తిందామని వచ్చిన పురుగు వేరే ఇల్లు చూసుకుంది.

నేను పుట్టింది ఇసుక అంచున ఒక రేకుల షెడ్డులో, సింహాద్రి మేస్త్రి చేతి కింద. పడవ ఆకారంలో బోలుగా ఒక అచ్చు ఉంటుంది. దానికి మైనం పట్టించి అద్దంలా మెరిసేదాకా రుద్దుతారు. దాని మీద నీలిరంగు పూత. అంటే నాకు చర్మం ముందు వచ్చింది, ఎముకలు తరవాత. మనుషులకు ఇది తిరకాసుగా తోస్తుంది గాని నాకు అదే పద్ధతి. పూత ఆరాక గాజునార పరుపులు పరిచి, తేనెలాంటి రెజిన్‌లో గట్టిపరిచే మందు కలిపి పోసి, రోలరుతో నొక్కుతూ లోపలి గాలి బుడగలన్నిటినీ బయటికి తరుముతారు. గాజునార నలుసు ఒంట్లో దిగితే ఒకటే దురద. పనివాళ్ళు గోక్కుంటూ నన్నే తిట్టేవాళ్ళు. రెజిన్ ఒకసారి వేడెక్కి గట్టిపడితే ఇక వెనక్కి పోదు. ఇనుములా కరిగించి ఇంకోటి చేద్దామంటే కుదరదు. నా మొండితనం అక్కడే మొదలైంది.

నన్ను చేయించుకున్నది దానేసు. ఏటా గుజరాత్ వెళ్ళి ఎవరిదో మరబోటు మీద పనిచేసేవాడు. అక్కడ వల అతనిది కాదు, చేప అతనిది కాదు, ఇంటికి ఎప్పుడు రావాలో కూడా అతని చేతిలో లేదు. మనుషుల్ని పోగేసి తీసుకెళ్ళే తవిటయ్య ఈ ఏడు కూడా అడిగితే, "రాను బావా, నా పడవ నాకొస్తంది" అని పేట నడుమ నిలబడి చెప్పేశాడు.

తవిటయ్య నవ్వాడు. "వేట తెరిసే రోజుకి నీ పడవ నీట్లో లేకపోతే బండెక్కీ. నీ సోటు ఉంచుతాను."

చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపిన రోజులవి. ఆ గడువు దగ్గరపడుతోంది.

దానేసు తల్లి నూకాలమ్మ. కర్ర పడవకు మొదటి చెక్క బిగించగానే ముక్కు లోపల ఇంటి పెద్దామె పసుపు కలిపిన నూనె రాయడం వాళ్ళింటి ఆచారం. కర్రకు నూనె మంచిదే, తాగేస్తుంది. పనివాళ్ళు అన్నాలకు వెళ్ళినప్పుడు ఆమె షెడ్డులోకి వచ్చి, అచ్చులోకి వంగి, సగం పొరలే పడిన నా ముక్కుకి అరచేత్తో శుభ్రంగా నూనె పట్టించి, దండం పెట్టుకుని వెళ్ళిపోయింది. అరవడానికి నాకు నోరు లేదు. పనివాళ్ళు తిరిగొచ్చి ఆ పసుపును రెజిన్ రంగే అనుకుని దాని మీదే మిగతా పొరలు వేసేశారు.

అచ్చుకీ నాకూ మధ్య మైనం ఉండాలి, లేకపోతే విడిపోము. నాకూ నాకూ మధ్య నూనె ఉండకూడదు, ఉంటే కలవము.

అచ్చులోంచి ఊడదీసిన రోజు సింహాద్రి సుత్తి పిడితో ఒళ్ళంతా కొట్టి చూశాడు. అంతటా ఖణేల్‌మంది. ముక్కు దగ్గర డుబ్బుమంది.

"పొర పట్టలేదురా దానేసూ. ముందు అల తగిలేది ఇక్కడే. ఇలగే దింపితే ముక్కు ఊడిపోద్ది."

"ఏటి సేసినావు మేస్త్రీ!" దానేసు మొహం మాడిపోయింది.

పేటలో కర్ర పడవ ఉన్న కాముడు నోట్లో చుట్ట పక్కకి తోసి, "నాను ముందే సెప్పినాను. అది పడవేటిరా, పెద్ద బకెట్టు. తవిటయ్యకి కబురెట్టు" అన్నాడు.

నూకాలమ్మ వాళ్ళని తోసుకుంటూ వచ్చింది. "మేస్త్రినేటి అనకండి. ముక్కుకి నాను నూనె రాసినాను కదేటి, దానికేటి కాదు."

సింహాద్రి సుత్తి కింద పెట్టేశాడు. "ఎక్కడ రాసినావత్తా? పైనా, లోపలా?"

"లోపలే. కడుపులో."

"ఓలమ్మో! పొరల నడుమ రాసీసినావా! అంతా అయినాక పైన రాసుకోవాల గదత్తా!"

"బిడ్డకి ఒంటికి రాస్తారు గాని సొక్కా మీద రాస్తారేటి?"

అందరూ నవ్వారు. దానేసు నవ్వలేదు.

"కొత్తది పోద్దామంటే వేట తెరిసినాక గాని అవదు," అన్నాడు సింహాద్రి. "లేదంటే ముక్కు కోసీసి మళ్ళీ పోస్తాను. నిలబడతాదని నా మాట. ఆపైన నీ ఇష్టం."

దానేసు నా ముక్కు మీద చెయ్యి ఆనించాడు. "కొయ్యి" అన్నాడు.

కోశారు. నూనె తగిలిన మేరంతా చెక్కేసి, అంచులు ఏటవాలుగా అరగదీసి, తుడిచి, గాజునార చిన్న ముక్క మీద అంతకంటే పెద్ద ముక్క పరుస్తూ మళ్ళీ రెజిన్ పోశారు. అన్నాళ్ళూ నూకాలమ్మ షెడ్డు గుమ్మంలోనే కూర్చుంది. తలకి నూనె రాసుకున్నవాళ్ళెవరినీ లోపలికి రానివ్వలేదు. కొడుకునీ రానివ్వలేదు.

వేట తెరిచిన రోజు పొద్దున్నే నన్ను నీళ్ళలోకి దించారు. "పుట్టకుండానే కుట్లు పడ్డ పడవ," అన్నాడు కాముడు, అందరికీ వినబడేలా. మా ఒడ్డున సముద్రం ఊరికే లోపలికి రానివ్వదు, పెద్ద అలలు దాటాలి. మొదటిది వచ్చి సరిగ్గా ఆ చోటే గుద్దింది. నేను తల వంచలేదు. రెండోది నన్ను నిలువునా ఎత్తి పడేసింది. పడితే పడ్డాను, పగల్లేదు. దానేసు మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి ముక్కు లోపల అరచేత్తో తడిమి చూశాడు. పొడిగా ఉంది. "పొడే! అమ్మా, పొడే!" అని అరిచాడు. ఆ హోరులో ఒడ్డుకి ఏం వినబడుతుంది? నేను విన్నాను, చాలు.

తిరిగొచ్చేసరికి ఒడ్డున తవిటయ్య తెల్లచొక్కాతో, చేతిలో సంచీతో నిలబడి ఉన్నాడు.

"దానేసూ, సాయంత్రం బండి. సోటుంచినాను."

దానేసు తాడు పట్టుకుని నీళ్ళలోకి దూకాడు. "సోటుందా? నా పక్కనా ఉంది బావా. రా, బుజమెట్టు."

పడవ ఒడ్డుకి వచ్చినప్పుడు ఎదురుగా ఉన్నవాడు భుజం పెట్టకుండా పోవడం మా పేటలో లేదు. తవిటయ్య తన చొక్కా చూసుకున్నాడు. పేటంతా తనని చూడటం చూశాడు. సంచీ ఇసుకలో పెట్టి, వచ్చి నాకు భుజం ఆనించాడు.

నేనూ ఆ రోజు ఒళ్ళు తేలిక చేసుకోలేదు.