దుర్గం మీద నేను కట్టిన ఇళ్లు

1994 ఫిబ్రవరి. పెళ్లయి పందొమ్మిది రోజులు. ఆత్మకూరులో పొద్దున్నే బస్సెక్కి ఉదయగిరి దుర్గం చూడ్డానికి వచ్చాం, నేనూ మా ఆయన సురేంద్రబాబూ. కాగితం మీద కాబట్టి పేరు రాయగలిగాను. నోటితో పిలవడం మా ఇళ్లలో లేదు. నాకు ఆయన "ఏమండీ", అంతే.

డిగ్రీలో చరిత్ర చదివి పక్కనున్న కోట చూడలేదని దారంతా ఎగతాళి చేశారు. బజారులో చెక్క గరిటె కొనిచ్చారు. మా కాపురానికి మొదటి సామాను! సంచిలో పెట్టబుద్ధి కాక చేత్తో పట్టుకునే కొండెక్కాను.

మెట్లు అయిపోయాక కంపచెట్ల మధ్య అక్కడక్కడా మూడేసి రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. నా సంతోషం చెప్పలేను. సొంతిల్లు కావాలని పెంచలకోన గుడి దగ్గర మా అమ్మ ఇలాగే పేర్చింది.

"ఏమండీ, మనమూ కట్టుకుందాం."

"కట్టు. వంటగది పెద్దది పెట్టు, గరిటె పట్టాల గదా."

కొత్త రాళ్ల కోసం ఎక్కడ వెతకను? పాతవాటి రాళ్లే తీసుకుని నాలుగు ఇళ్లు కట్టాను. ఆఖరిది కొండ అంచున, ఊరంతా అగ్గిపెట్టెల్లా కనబడే చోట, అన్నిటికంటే ఎత్తుగా.

పాత మహలు గోడ నీడలో పులిహోర తిన్నాం. నీళ్లు అయిపోయాయి. కిందుగా ఊట ఉందట, పది నిమిషాల్లో వస్తానని ఆయన సీసా తీసుకుని వెళ్లారు.

అరగంటయింది. దాక్కుని ఆట పట్టిస్తున్నారేమోనని నవ్వుకుంటూ గోడల వెనక చూశాను. గంటయింది. నవ్వు పోయింది. ఎండ పచ్చబడుతోంది.

మేకల గంటలు వినిపించాయి. వెనకే తలగుడ్డ చుట్టుకున్న ముసలాయన అరుస్తూ వచ్చాడు. పేరు సిద్ధయ్య అని తర్వాత తెలిసింది.

"ఎవురు పాపా ఈ పని చేసింది? మా గుర్తులన్నీ పెరికినారు! దారి తెలీనోళ్లు వాటిని చూసుకోని గదా తిరిగేది!"

గరిటె వెనక్కి దాచుకున్నాను.

"నేనే తాతా. ఇళ్లు కట్టుకున్నాను."

"ఇండ్లా? ఊళ్లో జాగా దొరకలేదా నీకు? యాడ కట్టినావు?"

చెప్పాను. ఊటకు వెళ్లిన మనిషి రాలేదనీ చెప్పాను. సిద్ధయ్య అరుపు ఆగిపోయింది.

"అంచు కాడా? ఊట పక్క నుంచి నేరుగా నువ్వు కట్టినదాని కాడికి నడిస్తే మధ్యలో బండలో చీలికుండాది. పైన కంప అల్లుకోనుండాది. తెలీనోడు నేలనుకుంటాడు. రా, బిర్నా రా!"

పరుగెత్తాం. నా ఇల్లు కనిపించింది. దానికి అవతల, కంపల వెనక, తెల్ల చొక్కా. నేను నోరు తెరవబోతే సిద్ధయ్య కర్ర అడ్డం పెట్టాడు.

"పిలవబాక! నీ గొంతు విన్నాడంటే అడ్డంపడి వస్తాడు. నేను చుట్టూ పోతా."

కానీ ఆయన అప్పటికే మమ్మల్ని చూశారు. సీసా పైకెత్తి ఊపారు.

"రేణుకా! దారి తప్పి సచ్చినాను. నీ ఇల్లు దొరికింది, బతికినా!"

నవ్వుతూ ఇంటి వైపు అడుగేశారు. ఇంకో అడుగు. ముందర పచ్చటి కంప.

"సురేంద్రా! కూర్చో! కదలబాక!"

ఆ కేక నాదేనని నాకే తెలియలేదు. ఆయన అంతకంటే ఆశ్చర్యపోయి, ఎవరో భుజాలు నొక్కినట్టు ఉన్నచోటే చతికిలబడ్డారు.

సిద్ధయ్య రాయి తీసి ఆయన ముందున్న కంపలోకి విసిరాడు. ఆకులు కదిలాయి. రాయి బండలకు కొట్టుకుంటూ కిందికి, ఇంకా కిందికి పోయింది. ఆ చప్పుడు ఎంతకీ ఆగలేదు. ఆయన ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది, రంగు మాత్రం పోయింది.

సిద్ధయ్య చుట్టూ తిరిగి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేదాకా నేను గరిటెను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. రాగానే నా ఇంటిని నేనే కూల్చాను. ఒక రాయి జారి కాలి మీద పడింది.

"మోసుకోరాండి," అన్నాడు సిద్ధయ్య. "యాడివి ఆడ పెట్టిపోవాల."

ముగ్గురం రాళ్లు మోసుకుంటూ దిగాం. సిద్ధయ్య చూపించిన చోటల్లా మూడేసి పేర్చాం. మెట్లు కనబడ్డాక మా ఆయన మెల్లగా అన్నారు.

"ఇంకోసారి పిలువు."

"ఏమని?"

"ఇందాకటి మాదిరే."

నాకు ఒళ్లంతా సిగ్గు. ముందు పోతున్న సిద్ధయ్య వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"పిలువు పాపా. ఈడ చీలిక లేదులే."