ఆదిశేషు కట్టిన ఊరు

ఊరు మాయమైంది.

ఆదిశేషు కారు బానెట్ మీద మ్యాప్ పరిచి మళ్ళీ చూశాడు. అమెరికాలోని నెబ్రాస్కా ఇసుక గుట్టల నడుమ, చిత్తడి పచ్చికను ఆనుకుని వరసగా ఇళ్ళు. విమానం నుంచి తీసిన ఫొటోలు చూసి, డెన్వర్‌లోని మ్యాపుల ఆఫీసులో కూర్చుని, తన చేత్తో తనే గీశాడు. ఎదురుగా మాత్రం గడ్డి, నీళ్ళు, ఆవులు.

"రోడ్డు లేని ఊరేమిటి?" అని బాస్ అప్పుడే అనుమానపడ్డాడు. ఆదిశేషు బల్ల గుద్ది వాదించాడు. "అయితే వెళ్ళి చూసిరా. ఊరుంటే నీ ఉద్యోగం పర్మనెంట్. లేకపోతే వేరేది వెతుక్కో," అన్నాడు బాస్. ఆయిల్ కంపెనీలు సైతం మనుషుల్ని తీసేస్తున్న 1983లో వేరేది అంటే ఏదీ లేదని అర్థం.

"ఖాళీ చేయించారు," అన్నాడు ఆదిశేషు గొంతు తగ్గించి, భార్యతో. "మిలిటరీ పని. ఇక్కడేదో సీక్రెట్‌గా జరుగుతోంది."

"పునాదులు కూడా పట్టుకుపోయారా అండీ?" అంది ప్రమోద, కార్లోంచి దిగకుండానే. "పిక్నిక్ అని చెప్పి నాచేత లీవ్ పెట్టించారు!"

ఇంతలో పికప్ ట్రక్కు వచ్చి ఆగింది. టోపీ పెట్టుకున్న పెద్దావిడ దిగింది. ఆవులు మేస్తున్న ఆ రాంచ్ ఆమెదే. ఆదిశేషు గూఢచారిలా అటూ ఇటూ చూసి, విమానం ఫొటోల్లో కనిపించిన ఇక్కడి ఇళ్ళు ఏమయ్యాయని అడిగాడు. ఆవిడ మ్యాప్ మీదికి వంగింది.

"ఫొటోలు ఎప్పుడు తీశారు?"

"అక్టోబర్‌లో."

"ఓ, అవా? చలికాలంలో మా ఆవులు తినేశాయి."

గడ్డివాములు! మంచు కాలంలో పశువులకని ఇంటి కప్పుల్లా పేర్చిన ఎండుగడ్డి.

ప్రమోద డాష్‌బోర్డు మీద వాలిపోయి నవ్వింది. "తెనాలి పక్కన గడ్డివాముల మీద దొర్లి పెరిగిన మనిషి! పెళ్ళిచూపులకొచ్చినప్పుడు కూడా మీ జుట్టులో గడ్డిపోచ ఉందండీ!"

ఆదిశేషు మ్యాప్ మడవసాగాడు. పశువుల దారుల్ని వీధులుగా గీసిన ఘనుడు. బడి ఎక్కడుంటుందా అని ఒక సాయంత్రమంతా ఆలోచించిన మహానుభావుడు.

"మ్యాప్‌ని ఇలాగే వదిలేస్తే? ఈ మూలకి ఎవరొస్తారు?" అన్నాడు చివరికి.

"మంచులో కార్ ఆగిపోయినవాళ్ళు వస్తారు, మీ ఊళ్ళో తలుపు కొడదామని," అంది ప్రమోద. ఈసారి నవ్వలేదు.

పెద్దావిడ వంటింట్లోంచి బాస్‌కి ఫోన్ చేశాడు. "ఊరు లేదు. గడ్డివాములు." అవతల నవ్వు వినిపించింది. ఒకరిది కాదు, ఆఫీసు మొత్తానిది.

"వేరే ఉద్యోగం చూసుకోమన్నానుగా," అన్నాడు బాస్. "నీకు నేనే ఒకటి చూశాను. ఆ గుట్టల్లో తిరిగి మ్యాపులు సరిచూసేవాడు నిన్న మానేశాడు. జీతం ఇప్పుడున్నంతే. పర్మనెంట్."

ఆదిశేషు బురదతో బరువెక్కిన తన తోలు బూట్ల వంక చూసుకుని, సరేనన్నాడు.

రబ్బరు బూట్లు దగ్గర్లో ఎక్కడ దొరుకుతాయని ప్రమోద అప్పటికే పెద్దావిడను అడుగుతోంది.