బొగ్గులు దొరికిన చోటు

మా రేగడి నేల వాన పడితే ఎవరి మాటా వినదు. కిందటేడు తుపానుకి వాగు పొంగి, మా మిరప చేనుకీ పానకాలు బాబాయి పత్తి చేనుకీ మధ్య గట్టును ఊడ్చేసింది. గట్టుతో పాటు సరిహద్దు రాయి, దాని పక్కనే మట్టి దిబ్బగా ఉన్న మా నాన్న జయరావు సమాధి కూడా పోయాయి. సిమెంటు చేయిద్దామని ఏటా అనుకోవడం, ఏటా ఊరుకోవడం!

నవంబరులో సమాధుల పండుగ వచ్చింది. ఊరంతా తమ వాళ్ళ సమాధులకి సున్నం వేసి కొవ్వొత్తులు పెడుతుంటే, మా అమ్మ హెలెన్ కొవ్వొత్తి పట్టుకుని చేలో దిక్కులు చూసింది. తుపానుకి ముందు జరిగిన భూముల రీసర్వేలో ఆ రాయి ఉన్న చోటు అంకెలతో సహా రికార్డులో ఎక్కించారు కదా అని, నేను అవి నా ఫోనులో వేసి వెతికాను. చుక్క ఒకసారి మా మిరపలో, ఒకసారి బాబాయి పత్తిలో, మరోసారి వాగులో. ఒళ్ళు మండి ఫోను విసిరేయబోయాను. మీ నాన్న బతికుండగానూ ఒకచోట నిలవలేదులే అని నవ్వింది అమ్మ, నవ్వుతూనే ఏడ్చింది.

ఈ ఏడు పండుగ ముందు సర్వేయరు లక్ష్మీదుర్గ గారు మా ఊరొస్తే కాళ్ళావేళ్ళా పడి చేలోకి తీసుకొచ్చాను. పొడుగాటి కర్రకి గుండ్రటి పరికరం బిగించి తెచ్చారు. నా ఫోను ఆడిన నాటకం చెప్పి, ఇదీ అంతేగా అన్నాను మొహమాటం లేకుండా.

ఆవిడ కోప్పడలేదు. ఉపగ్రహం సిగ్నలు వాతావరణం పై పొరలు దాటేటప్పుడు కాస్త ఆలస్యమవుతుందట. నా పాత ఫోను ఒక్క రకం సిగ్నలే వింటుంది కాబట్టి ఆ ఆలస్యం ఎంతో దానికి తెలియదట. ఈ పరికరం ఒకే ఉపగ్రహం పంపే రెండు మూడు రకాలు కలిపి వింటుందట.

"రేగడి బురదలో ఇద్దరు ఒకేసారి బయల్దేరారనుకోండి. ఒకరు ఎక్కువ దిగబడతారు, ఒకరు తక్కువ. ఎంత తేడాతో చేరారో చూస్తే బురద ఎంతుందో తెలిసిపోదూ? ఆ ఆలస్యం తీసేస్తే అసలు దూరం మిగులుతుంది," అన్నారు.

బురద సంగతి మాకు ఒకరు చెప్పాలా? తలెత్తి చూశాను. ఖాళీ ఆకాశం, ఎండ. మేం కలుపు తీస్తున్నా, కాయ కోస్తున్నా మా నెత్తిన ఇన్ని కబుర్లు కురుస్తూనే ఉన్నాయా!

ఆవిడ రాయి అంకెలు పరికరంలో వేసి, కర్రను అటూ ఇటూ జరిపి, చివరికి పత్తి సాళ్ళ మధ్య ఆపారు. బాబాయి కాయ మీదున్న మొక్కలు తనే పీకి పలుగు వేశాడు. మోచేతి లోతున బొగ్గులు తేలాయి. రాయి కదిలినా గుర్తు మిగలాలని, బొగ్గు చివకదని, రాయి కింద బొగ్గులు పోసి పాతడం మా వైపు పాత అలవాటు. ఆ రాయి పాతింది నాన్నే, ఆ బొగ్గులు అమ్మ పొయ్యిలోవే. ఎక్కడి ఆకాశం, ఎక్కడి పొయ్యి! దేవుడి చూపంటే ఇలాగే ఉంటుందేమో అనిపించింది.

గట్టు లేక ఎవరికి తోచినంత వాళ్ళం దున్నుకున్నాం మరి. బాబాయి తలగుడ్డ తీసేశాడు.

"నా పత్తి మీ నాన్న మీద మొలిచిందమ్మాయ్," అన్నాడు.

అమ్మ బొగ్గుల దగ్గర్నుంచి మా వైపుకి జానలతో కొలుచుకుని, నాన్న తల ఉండే చోట మట్టిని నిమిరింది. లక్ష్మీదుర్గ గారు పరికరం విప్పబోయారు.

"ఉండమ్మా," అంది అమ్మ. లేచి, ఒక మనిషి పట్టేంత పక్కకి జరిగి నిలబడింది. "నా చోటు కూడా ఇప్పుడే ఎక్కించు. నా పిల్ల మళ్ళీ వెతుక్కోకూడదు."

ఆవిడ నా మొహం చూశారు. నేను తల ఊపాను. కర్ర తెచ్చి అమ్మ పాదాల పక్కన నిలిపారు. లెక్క కుదిరేదాకా అమ్మ కదలకుండా నిలబడింది.