పద్నాలుగు మార్కులు

ఆ యూనివర్సిటీ ఇంజనీరింగు కాలేజీలో విద్యార్థులు ఆవిడకి పెట్టిన పేరు తూకం మేడమ్. అర మార్కు కోసం ఎవరైనా వచ్చి బతిమాలితే కళ్ళజోడు సర్దుకుని పేపరంతా మొదటి నుంచీ మళ్ళీ దిద్దేది. మార్కు పెరిగి ఎగురుకుంటూ వెళ్ళినవాళ్ళున్నారు, ఉన్నది కూడా ఊడి నాలుక్కరుచుకున్నవాళ్ళూ ఉన్నారు. దూలం ఎంత బరువు మోస్తుంది, ఎక్కడ వంగుతుంది, ఎక్కడ విరుగుతుంది అన్న పాఠం పంతొమ్మిదేళ్ళుగా ఆవిడదే. తన దగ్గర అన్యాయం జరగదని ఆవిడకి గట్టి నమ్మకం. కాస్త గర్వం కూడా.

ఆ మంగళవారం పొద్దున్న క్లాసులో పాత ప్రశ్నపత్రాలు చేయిస్తోంది. చివరి బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి లేచి నిలబడింది.

"మేడమ్, రెండేళ్ళ కిందటి పేపర్లో మూడో ప్రశ్న. నాకు ఇరవై వస్తోంది. జవాబుల కీలో పది ఉంది."

"కీ రాసింది నేనే. ఎక్కడో తప్పు చేసుంటావు, మళ్ళీ చెయ్యి."

"నాలుగుసార్లు చేశాను మేడమ్."

మేడమ్ విసుగ్గానే సుద్దముక్క అందుకుంది. బోర్డు మీద గోడ గీసింది, గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన దూలం గీసింది, మధ్యలో బరువు పెట్టింది. రెండో చివర గాల్లోనే ఉంది. లెక్క కట్టుకుంటూ చివరి గీతకి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఇరవై.

అప్పుడు గుర్తొచ్చింది. మొదట ఆవిడ వేసిన బొమ్మలో దూలం రెండు చివర్లా ఆని ఉంది. మరీ తేలికైపోయిందనిపించి, ప్రెస్సుకి వెళ్ళే ముందు ఒక చివర ఆధారం తీసేసింది. బొమ్మ మార్చింది, జవాబు మార్చడం మరిచిపోయింది. పేపర్లు దిద్దినవాళ్ళు ఆవిడ కీ చూసే దిద్దారు. ఆ ప్రశ్నకి పద్నాలుగు మార్కులు.

నలభై రెండు జతల కళ్ళు తననే చూస్తున్నాయి. గంట కొట్టడానికి ఇంకా పావుగంట ఉంది.

"నువ్వే రైటు," అంది ఆ అమ్మాయితో. తర్వాత అందరికీ వినపడేలా, "తప్పు నాది," అంది.

ఇంకో సంగతి కూడా గుర్తొచ్చి ఆవిడని నిలవనివ్వలేదు. ఆ ఏడాది ఒక పొడుగాటి విద్యార్థి తన గది దాకా వచ్చాడు. "మేడమ్, నా జవాబు ఇరవై. సున్నా ఎందుకొచ్చింది?" అని అడిగాడు. ఏదో మీటింగుకి పరుగెడుతూ, "కీ ప్రకారమే వేశారు," అనేసి తలుపుకి తాళం పెట్టింది. ఎందరికో మొదటి నుంచీ దిద్దిన మనిషి, ఆ ఒక్కడి మాట మాత్రం చెవిన వేసుకోలేదు.

క్లాసు అవగానే పరీక్షల విభాగానికి వెళ్ళింది. అక్కడి అధికారి ఫైలు మీంచి తలెత్తకుండానే విని, "రెండేళ్ళు దాటిన జవాబు పత్రాలు కాగితం మిల్లుకి పోతాయి మేడమ్. సోమవారం లారీ వస్తోంది. ఇంకెందుకు తవ్వుకోవడం?" అన్నాడు.

"సోమవారం కదా? ఇవాళ మంగళవారమే," అంది.

డిపార్ట్‌మెంటు హెడ్డు గారు మాత్రం విని తల పట్టుకున్నాడు. "వచ్చే నెల తనిఖీ బృందం వస్తోంది. మీ ప్రమోషన్ ఫైలు నా బల్ల మీదే ఉంది. ఎవరికీ తెలియని తప్పుని మీరే ఊరంతా చాటింపు వేస్తారా?"

"తెలియకపోవడమేంటండీ? క్లాసులో నలభై రెండు మందికి చెప్పాను."

ఆయన ఫైలు మూసి పక్కకి జరిపాడు.

సాయంత్రం ఇంటికెళ్ళి తండ్రి పక్కన కూలబడింది. ఆయన నలభై ఏళ్ళు తాపీపని చేసి ఇప్పుడు కాళ్ళ నొప్పులతో ఇంటిపట్టున ఉంటున్నాడు. అంతా విని, తను కట్టిన ఒక గోడ సంగతి చెప్పాడు. ఆరడుగులు లేచాక తూకం గుండు వేలాడదీసి చూస్తే రెండు వేళ్ళ మందం పక్కకి పోయిందట. ఇంటాయన చూడలేదట.

"సిమెంటు పూత పూస్తే కనపడదుగా నాన్నా?"

"కనపడదు. కానీ పైన స్లాబు వేస్తారు కదే. గోడ వంకర దానికి తెలుస్తుంది. పడగొట్టి మళ్ళీ కట్టా. ఆ రోజు కూలీ పోయింది, నడుం పోయింది. ఇప్పటికీ ఆ వీధిలోంచి వెళ్తే తలెత్తుకునే వెళ్తాను."

ఆ రాత్రి ఆవిడ కంటినిండా నిద్రపోయింది. బుధవారం ఒకే పేజీలో ఉత్తరం రాసి వైస్ చాన్సలర్ గారికి స్వయంగా ఇచ్చింది. శుక్రవారం పాలకమండలి కూర్చుంది.

పొడుగు బల్ల చుట్టూ పదిహేను మంది, వాళ్ళలో హెడ్డు గారూ ఉన్నాడు. మేడమ్ నిలబడి, కాగితం చూడకుండా, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఒక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"ఇవాళ ఇది తెరిస్తే రేపు ప్రతివాడూ నాదీ తెరవండి అంటాడమ్మా. మన పరువేం కాను?"

"తెరవమంటే తెరుద్దాం సార్. పిల్లల్ని మనం రోజూ దిద్దుతాం. మనల్ని దిద్దేవాళ్ళు ఒక్కరైనా ఉండొద్దా? రేపు వీళ్ళు వంతెనలు కడతారు. తప్పు తెలిసినా మూసిపెట్టడం మన దగ్గరే నేర్చుకుంటే, ఆ వంతెన మీద మీరు నడుస్తారా?"

వైస్ చాన్సలర్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నేను నడవను," అంది. "పత్రాలన్నీ బయటికి తియ్యండి. బయటి కాలేజీ వాళ్ళిద్దరు దిద్దాలి. కీ ప్రకారం రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళవి తగ్గించొద్దు, తప్పు వాళ్ళది కాదు." సంతకం అక్కడికక్కడే అయిపోయింది.

శనివారం రికార్డుల గదిలో దుమ్ము మోకాలి ఎత్తున లేచింది. నిచ్చెనెక్కి స్టోరుకీపరు కట్టలు అందిస్తుంటే మేడమ్ కింద నంబర్లు సరిచూసుకుంటోంది. తలుపు దగ్గర ఎవరో తుమ్మారు. చూస్తే హెడ్డు గారు, చొక్కా చేతులు మడిచి.

"రాత్రంతా ఆ వంతెనే కళ్ళ ముందు ఆడింది," అన్నాడు. "ఆ కట్ట ఇటివ్వండి."

నూట ఎనభై ఏడు పత్రాలూ దొరికాయి. సోమవారం లారీ వచ్చి మిగతా కాగితాలతో వెళ్ళిపోయింది. పది రోజుల్లో ఫలితం తేలింది: ముప్ఫై ఒక్క మందికి మార్కులు పెరిగాయి. తొమ్మిది మంది ఫెయిలు కాస్తా పాసయింది. వాళ్ళలో ఎనిమిది మంది తర్వాత ఎలాగో మళ్ళీ రాసి గట్టెక్కినవాళ్ళే. ఒక్కడు మాత్రం రెండోసారి కూడా తప్పి చదువు మానేశాడు. ఆ పొడుగాటివాడే.

ఉత్తరం పోస్టులో పంపుతామన్నారు. మేడమ్ ఒప్పుకోలేదు. చిరునామా వెతుక్కుంటూ వెళ్తే, బస్టాండు వెనక టైల్సు కొట్లో పనిచేస్తున్నాడని ఇంట్లోవాళ్ళు చెప్పారు. వెళ్ళేసరికి అతను బల్ల మీద కాగితం పరిచి ఎవరిదో స్నానాలగది కొలతలు వేస్తున్నాడు. ఆవిడని చూడగానే అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు.

"కూర్చో బాబూ. ఆ రోజు నువ్వు నా గదికొచ్చి అడిగావు. నేను వినలేదు. తప్పు నీది కాదు, నాది. క్షమించమని అడగడానికొచ్చాను." కవరు చేతిలో పెట్టింది.

అతను ఉత్తరం రెండుసార్లు చదివాడు.

"ఇరవయ్యే కదా మేడమ్?"

"ఇరవయ్యే."

"నా బుర్రకి ఈ చదువు ఎక్కదనుకున్నాను మేడమ్. ఇంట్లో కూడా అదే చెప్పాను," అన్నాడు, మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ. ఉన్నట్టుండి కొట్టు లోపలికి తిరిగి అరిచాడు: "అయ్యా, నాది ఇరవయ్యే!"

"ఇరవై పెట్టెలా? తెల్లవా, నీలంవా?" అని లోపల్నుంచి యజమాని గొంతు వినపడింది.

ఇద్దరూ కడుపుబ్బ నవ్వారు. సంగతి తెలిశాక యజమానే, "ముందు చదువు పూర్తి చెయ్యి, కొట్టు ఎక్కడికీ పోదు," అన్నాడు. జూన్‌లో అతను మళ్ళీ కాలేజీలో చేరాడు. ఫీజు తీసుకోకూడదని మండలి తీర్మానించింది.

ప్రమోషన్ ఆ ఏడాదికి పక్కన పెట్టారు. మేడమ్ ఒక పూట చిన్నబుచ్చుకుంది, అంతే. తనిఖీకి వచ్చినవాళ్ళు మాత్రం ఆ ఒక్క పేజీ ఉత్తరాన్ని అడిగి మరీ చదివారు. తమ కాలేజీల్లో చూపిస్తామని నకళ్ళు పట్టుకెళ్ళారు.

తర్వాతి పరీక్షల నుంచి కొత్త పద్ధతి పెట్టారు. పరీక్ష అయిన మర్నాడే ప్రతి కీనీ తయారుచేసినవాళ్ళ పేరుతో నోటీసు బోర్డుకి అంటించాలి. వారం పాటు ఎవరైనా ప్రశ్నించవచ్చు. మూడో రోజుకే విద్యార్థులు ఒక తప్పు పట్టేశారు. అది హెడ్డు గారి కీలోనే.

కబురందగానే ఆయన ఎర్రపెన్ను పుచ్చుకుని వచ్చాడు. వరండా అంతా కిక్కిరిసిపోయింది. జవాబు కొట్టేసి, సరైనది రాసి, కింద సంతకం పెట్టి, ఆ తప్పు పట్టిన విద్యార్థినికి చెయ్యి అందించాడు. చప్పట్లు మారుమోగాయి, ఎవరో ఈల కూడా వేశారు. వెనక వరసలో పొట్టిగా ఉన్న మేడమ్ మునివేళ్ళ మీద నిలబడి, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.